పొదగవేసిన గుడ్లలో సగం కూడా పిల్లలు కాలేదు: లోపం కోడిదా, నాదా?

ప్రశ్న: చీపురుపల్లి పెరడు

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో 31 ఏళ్లు ఉద్యోగం చేసి, పదవీ విరమణ తరువాత చీపురుపల్లికి దగ్గరలో ఉన్న మా సొంత ఊరికి వచ్చి స్థిరపడ్డాను. ఇంటి వెనుక పెరట్లో ఎనిమిది నాటు పెట్టలు, ఒక నాటు పుంజు, నిరుడు కొన్న మూడు వనరాజా (పెరటి పెంపకానికి తయారుచేసిన మేలు రకం) పెట్టలు తిరుగుతున్నాయి. చిన్నతనంలో మా ఇంట్లో ఏ ప్రయత్నమూ లేకుండానే గంపల కొద్దీ పిల్లలు లేచేవని గుర్తు. ఇప్పుడు ఎంతో శ్రద్ధ పెట్టి చేసినా ఫలితం రావడం లేదు కనుక మీ సలహా అడుగుతున్నాను.

ఏప్రిల్ 24న ఒక నల్ల పెట్ట పొదుగుకు కూర్చుంటే, పశువుల సాలలో ఒక మూల గంపలో గడ్డి వేసి 13 గుడ్లు పెట్టాను. మే 15న రెండు పిల్లలు, మర్నాడు మరో రెండు బయటకు వచ్చాయి. ఆ నాలుగింటినీ తీసుకుని తల్లి గంప దిగిపోయింది. మిగిలిన వాటిలో ఐదు మురిగి కంపు కొట్టాయి, నాలుగింటిలో పూర్తిగా తయారైన పిల్లలు చచ్చి ఉన్నాయి.

కోడి ఒక్కదాన్నే నమ్ముకోవడం ఎందుకనుకుని, అది పొదుగు మీద ఉండగానే మే 2న, ఆన్‌లైన్‌లో కొన్న థర్మోకోల్ పెట్టె ఇంక్యుబేటర్‌లో 30 గుడ్లు పెట్టాను. వాటిలో తొమ్మిది వనరాజావి. ఆ పెట్టెకు ఫ్యాను లేదు, బల్బు మాత్రమే ఉంది. వేడి 37.5 డిగ్రీలకు అమర్చాను. 22వ రోజున రెండు, 23వ రోజున నాలుగు పిల్లలు వచ్చాయి. తక్కిన 24 గుడ్లను పగలగొట్టి చూస్తే పదింటిలో ఏమీ తయారు కాలేదు. పద్నాలుగింటిలో ఈకలతో సహా తయారైన పిల్లలు ఉన్నాయి, కొన్నింటికి ఒళ్లంతా తడిగా ఉంది, రెండు ముక్కుతో పెంకు పొడిచి కూడా బయటపడలేక చనిపోయాయి. ఆ దృశ్యం చూశాక రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

ఇంకొక విషయం. వచ్చే కనుమకు పిల్లలు, మనుమలు ఇంటికి వస్తారు. అప్పటికి పెరట్లో పెరిగిన పుంజుల్నే కోయాలని మా అమ్మ పట్టుదల. దుకాణంలో తోలు ఒలిచి ఇస్తారు, ఆవిడకు కాల్చి పసుపు రాసిన తోలుకోడి కావాలి. మా నాన్నగారు ఆ పని చేస్తుంటే నేను వీధిలోకి పారిపోయేవాణ్ని, కాబట్టి ఎలా చేయాలో చూసిన జ్ఞాపకం కూడా లేదు. శుభ్రంగా, కోడిని హింస పెట్టకుండా చేసే పద్ధతి ఎవరైనా వివరంగా చెప్పగలరా?

జవాబు 1: నరసన్నపేట గంప

అన్నయ్యగారూ, మీ నల్ల పెట్టను తప్పు పట్టడానికి ముందు కొన్ని ప్రశ్నలకు మీరు జవాబు చెప్పాలి. ఆ 13 గుడ్లు ఎన్ని రోజుల పాటు కూడబెట్టినవి? ఎక్కడ దాచారు? కడిగారా? పొదుగు మీద ఉండగా మిగిలిన పెట్టలు అదే గంపలోకి దూరి గుడ్లు పెట్టాయా? నా అనుమానం చివరి ప్రశ్న మీదే ఎక్కువగా ఉంది. పొదుగు గంప దొరికితే పక్క పెట్టలు అందులోనే పెట్టి పోతాయి. మొదటి రోజు పెట్టిన గుడ్లకు 21 రోజులు నిండేసరికి, వారం తరువాత చేరిన గుడ్డుకు 14 రోజులే అవుతాయి. తల్లి మొదటి పిల్లల కిచకిచలు వినగానే దిగిపోతుంది, వెనుక చేరినవి లోపలే చల్లబడి చస్తాయి. అందుకే మా మామ్మ పొదగవేసే రోజున ప్రతి గుడ్డు మీద బొగ్గుతో అడ్డగీత గీసేది. గీత లేని గుడ్డు కనబడితే అదే సాయంత్రం తీసి కూరలో వేసేది. నేను పెన్సిలుతో తేదీ వేస్తాను. స్కెచ్ పెన్ను వాడకండి, ఆ సిరా పెంకులోని సన్నని రంధ్రాల గుండా లోపలికి దిగుతుంది.

ఇక దాచడం సంగతి. మన జిల్లాల్లో ఏప్రిల్, మే నెలల్లో ఇంటి లోపల కూడా 32, 33 డిగ్రీలు ఉంటుంది. ఆ ఉక్కలో గుడ్డులోని బీజం నిద్రలో ఉండదు, సగం సగంగా పెరగడం మొదలుపెట్టి, చాలినంత వేడి అందక అక్కడే చస్తుంది. అలాంటి గుడ్డును ఎంత మంచి కోడి కింద పెట్టినా మురుగుతుంది తప్ప పిల్ల కాదు. ఎండాకాలంలో ఐదు రోజులకు మించి గుడ్డును దాచకూడదు. వెడల్పు కుండలో సగానికి ఇసుక పోసి, ఇసుకను తడిపి, దాని మీద పొడి గుడ్డ పరిచి, గుడ్ల సన్నకొన కిందికి ఉండేలా నిలబెట్టి, పైన తడి గోనె కప్పి నీడపట్టున ఉంచితే చల్లగా ఉంటాయి. ఫ్రిజ్‌లో పెట్టిన వాటిని పొదగవేయకండి.

ఐదు రోజుల్లో ఒక్క పెట్ట 13 గుడ్లు పెట్టలేదు కనుక, మూడు నాలుగు పెట్టల గుడ్లు కలిపి ఒకే సాయంత్రం వేయాలి. చీకటి పడ్డాక వేస్తే కోడి బెదరకుండా కూర్చుంటుంది. నాటు పెట్ట చిన్నదైతే పది చాలు. వనరాజా గుడ్డు పెద్దది, అవైతే ఎనిమిదికి మించి దాని రెక్కల కింద పట్టవు. అంచుకు వచ్చిన గుడ్డు రోజుకొకటి చల్లబడుతూ ఉంటుంది, కోడి వాటిని లోపలికీ బయటికీ మారుస్తూ ఉంటుంది కాబట్టి చివరకు అన్నీ కొంత కొంత చెడతాయి. ఆశకు పోయి 15 పెట్టి ఐదు పిల్లలు తీసిన ఏడాది నాకూ ఉంది.

పొదుగు కోడికి పేలు ఉన్నాయేమో చూడండి. రాత్రి లాంతరు వెలుతురులో రెక్క కింద ఈకలు విడదీస్తే తెలుస్తుంది. పేలు పట్టిన కోడి గంపలో నిలవదు, గంటకొకసారి దిగి ఇసుకలో పొర్లుతుంది. గంప అడుగున బూడిద చల్లి, వేపాకో వావిలాకో పరిచి, దాని మీద గడ్డి వేయండి. రోజుకొకసారి పావుగంట దిగి, గింజలు తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి రావాలి. దిగని కోడిని మనమే దింపాలి.

గంపలో ఇనుప ముక్క, ఎండు మిరపకాయ, బొగ్గు వేయమని ఊళ్లో ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఉరుములకు గుడ్లు చెడిపోకుండా అట. నేనూ వేస్తాను, మామ్మ మీద గౌరవంతో. అయితే ఉరుములు వచ్చే రోజులే ఉక్క ఎక్కువగా ఉండే రోజులని, గుడ్లను చెడగొట్టేది ఆ ఉక్కేనని నా అభిప్రాయం.

జవాబు 2: బొబ్బిలి విశ్రాంత ఉద్యోగి

నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి విరమించినవాణ్ని. నరసన్నపేట అమ్మగారు కోడి సంగతి చక్కగా చెప్పారు కాబట్టి నేను పెట్టె సంగతికే పరిమితమవుతాను.

ఫ్యాను ఉన్న ఇంక్యుబేటర్‌లో గాలి అంతటా ఒకే వేడితో ఉంటుంది, అందుకు 37.5 డిగ్రీలు సరైనది. ఫ్యాను లేని పెట్టెలో వేడి గాలి మూత కింద చేరుతుంది, అడుగున చల్లగా ఉంటుంది. అందువల్ల ఉష్ణమాపకాన్ని గుడ్ల పైభాగం ఎత్తులో ఉంచి, అక్కడ 38.5 డిగ్రీల దగ్గర ఉండేలా చూడాలి. మీ సెన్సరు బహుశా మూతకు వేలాడుతూ ఉంటుంది. అది 37.5 చూపుతున్నప్పుడు గుడ్ల దగ్గర అంతకంటే తక్కువే ఉండి ఉంటుంది. పిల్లలు 21కి రాక 22, 23 రోజులకు రావడమే దీనికి సాక్ష్యం. వేడి ఎక్కువైతే ముందుగా వస్తాయి, తక్కువైతే ఆలస్యంగా, నీరసంగా వస్తాయి.

రెండవది తేమ. ఒళ్లంతా తడిగా ఉన్న పిల్లలు కనబడ్డాయని రాశారు. మొదటి రోజు నుంచి పెట్టెలో నీళ్ల గిన్నెలు పెట్టారని నేను ఊహిస్తున్నాను. సూచనల కాగితంలో అలాగే ఉంటుంది, కానీ ఆ కాగితం రాసినవారు మన తీరప్రాంతపు మే నెలను చూసి ఉండరు. గుడ్డు 18 రోజుల్లో తన బరువులో సుమారు 12, 13 శాతం నీటిని ఆవిరి రూపంలో కోల్పోవాలి. అప్పుడే వెడల్పు కొన వైపు గాలి గది పెద్దదవుతుంది, పిల్ల ముక్కు అందులోకి పెట్టి మొదటి ఊపిరి తీసుకుంటుంది. బయటి గాలిలోనే తేమ నిండుగా ఉన్నప్పుడు పెట్టెలో మరికొంత చేరిస్తే నీరు బయటకు పోదు, గాలి గది పెరగదు, పిల్ల లోపలే మునిగిపోతుంది. దీనిని తెలుసుకోవడానికి తేమ కొలిచే పరికరం కూడా అక్కరలేదు, వంటింటి త్రాసు చాలు. 40 గ్రాముల నాటు గుడ్డు 18వ రోజుకు 35 గ్రాముల దగ్గరకు రావాలి. వారం వారం తూచి, బరువు తగ్గకపోతే నీళ్లు తీసివేయండి, మరీ తగ్గిపోతుంటే చేర్చండి. చివరి మూడు రోజులు మాత్రం నీళ్లు నిండుగా ఉండాలి, లేకపోతే లోపలి పొర ఎండి పిల్ల ఒంటికి అంటుకుపోతుంది.

గుడ్లను రోజుకు మూడు లేక ఐదు సార్లు తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే, నిన్న రాత్రంతా పైకి ఉన్న వైపు ఈ రాత్రి కిందికి రావాలి. 18వ రోజు తరువాత తిప్పకూడదు, మూత తీయకూడదు. పిల్ల పెంకుకు మొదటి చిల్లు పెట్టాక పన్నెండు గంటలు, ఒక్కొక్కసారి పూర్తి రోజు కూడా కదలకుండా ఉంటుంది. అది అలసట కాదు, పచ్చసొనను, పొరలోని రక్తాన్ని ఒంట్లోకి లాక్కుంటున్న సమయం. ఆ సమయంలో జాలిపడి మూత తీస్తే తేమ అంతా ఒక్క క్షణంలో పోతుంది.

ఏడవ రాత్రి సెల్‌ఫోను లైటు మీద అట్టముక్కకు రూపాయి బిళ్లంత రంధ్రం చేసి పెట్టి, గుడ్డును దాని మీద ఉంచి చూడండి. సాలెపురుగులా ఎర్రని నరాలు కనబడితే బతికి ఉంది. ఎర్రని ఉంగరం మాత్రమే కనబడితే మొదలై చనిపోయింది. నిర్మలంగా ఉంటే పుంజు కలవని గుడ్డు. చివరలో పగలగొట్టి చూస్తే ఈ తేడా తేలిగ్గా తెలియదు, అందువల్ల మీ పది గుడ్ల సంగతి ఇప్పుడు కచ్చితంగా చెప్పలేం. అయినా ఒక మాట. బరువైన వనరాజా పెట్టలతో చిన్న నాటు పుంజు సరిగా కలవలేకపోవచ్చు, ఆ పదిలో ఎక్కువ భాగం వనరాజావే అయి ఉండవచ్చు.

అసలు వనరాజా గుడ్లను పొదిగించడమే నాకు ఇష్టం లేదు. అది హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థవారు వేర్వేరు వంశాలను కలిపి తయారుచేసిన రకం. తల్లికి ఉన్న పెరుగుదల, గుడ్ల సంఖ్య దాని పిల్లలకు అదే తీరున రావు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అవుతుంది. వనరాజా కావాలంటే ప్రతిసారీ పిల్లలనే కొనుక్కోవడం మేలు. పైగా అవి పొదుగుకు కూర్చోవు కూడా. పొదిగే గుణం నాటు పెట్ట సొత్తు, దానిని దాని గుడ్ల మీదే కూర్చోబెట్టండి.

ప్రశ్న వేసినవారు: చీపురుపల్లి పెరడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక్కొక్క మాట చదువుతుంటే నా తప్పుల జాబితా చదువుతున్నట్టే ఉంది. గుడ్లు సుమారు 15 రోజుల పాటు కూడబెట్టాను. వంటింట్లో పొయ్యి పక్క అలమరలో ఉంచాను. రెట్ట అంటుకుని ఉందని సబ్బునీళ్లతో కడిగాను. గంపలోకి పక్క పెట్టలు వెళ్లడం రెండుసార్లు చూశాను కానీ గుడ్లు ఎక్కువైతే మంచిదే కదా అనుకున్నాను. సెన్సరు మూతకే వేలాడుతోంది. నీళ్ల గిన్నెలు మొదటి రోజు నుంచీ ఉన్నాయి. 22వ రోజున మూత కనీసం ఆరుసార్లు తీశాను, ఒక పిల్లకు నేనే పెంకు ఒలిచి సాయం చేయబోతే రక్తం వచ్చి అది కాసేపటికే పోయింది.

మధ్యలో రెండుసార్లు రెండేసి గంటలు కరెంటు పోయింది. అది కూడా కారణమా? బతికిన పది పిల్లలకు ఏ టీకాలు ఎప్పుడు వేయించాలి?

జవాబు 3: బొబ్బిలి విశ్రాంత ఉద్యోగి

గుడ్లను కడగడం వల్ల పెంకు మీద ఉండే సహజమైన పూత పోతుంది, ఆ తరువాత రంధ్రాల గుండా సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. కంపు కొట్టిన ఐదు గుడ్లకు కారణం అదీ, పొయ్యి పక్క వేడీ. మురికి గుడ్డును కూరకు వాడుకుని, శుభ్రమైన దానినే పొదగవేయాలి. 19వ రోజున గుడ్డును గోరువెచ్చని నీళ్లలో వేసి కదలిక చూసే అలవాటు కొందరికి ఉంది, అదీ వద్దు.

కరెంటు రెండు గంటలు పోవడం పెద్ద ప్రమాదం కాదు. వెంటనే పెట్టె మీద దుప్పటి కప్పితే గుడ్లు నెమ్మదిగా చల్లబడతాయి, తల్లికోడి కూడా దిగి తిరుగుతుంది కదా. గుడ్డుకు చల్లదనం కంటే అధిక వేడి ఎక్కువ ప్రాణాంతకం. మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో ఇంక్యుబేటర్ పెట్టేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

టీకాల విషయంలో ముఖ్యమైనది కొక్కెర వ్యాధి. ఆకుపచ్చ, తెలుపు కలిసిన పారుడు, నోరు తెరిచి ఎగఊపిరి, మెడ మెలితిరగడం దాని లక్షణాలు. వచ్చాక మందు లేదు, టీకా వేయని పెరట్లో ఒకటి రెండు తప్ప మిగలవు. ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లాసోటా లేక ఎఫ్1 టీకా ఒక చుక్క కంట్లో వేయాలి. నాలుగు వారాలకు లాసోటా మళ్లీ ఇవ్వాలి. ఆరు వారాలకు మశూచి టీకా, ఎనిమిది వారాలకు మళ్లీ కొక్కెర వ్యాధికే చర్మం కింద ఆర్2బి అనే టీకా సూది వేయించాలి. ఆర్2బిని ఎనిమిది వారాల లోపు పిల్లలకు ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు, ఆ టీకా చిన్న పిల్లల్లో వ్యాధినే తెచ్చిపెడుతుంది. మీ పిల్లల వయసు మొదటి చుక్కకు ఇప్పటికే దాటి ఉంటే ఆలస్యం చేయకుండా వెంటనే వేయించండి.

చిక్కంతా సీసా పరిమాణంలో ఉంది. సాధారణంగా సీసాలో 100 మోతాదులు ఉంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది పిల్లల కోసం ఎవరూ సీసా కొనరు, కొన్నా తొంభై మోతాదులు నేలపాలు. మీ వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒకే సాయంత్రం, కోళ్లు గూటికి చేరాక వేయించుకుంటే ఖర్చు చెప్పుకోదగినంత ఉండదు, పైగా మీ ఇంట్లో మాత్రమే టీకా వేసి పక్కింట్లో వేయకపోతే వ్యాధి ఊళ్లోనే తిష్ట వేస్తుంది. సీసాను ఫ్లాస్కులో మంచు ముక్కల మధ్య తీసుకురావాలి. చొక్కా జేబులో పెట్టుకుని బస్సులో తెచ్చిన టీకా నీళ్లతో సమానం. నా ఉద్యోగ కాలంలో టీకా పనిచేయలేదని వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇలా తెచ్చినవే.

సంతలో కొన్న కోడిని నేరుగా మందలో కలపకండి. రెండు మూడు వారాలు విడిగా ఉంచి చూడండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మన వైపు చాలామందికి ఈ జాగ్రత్త గుర్తుకు వచ్చింది, నెల తిరగకుండా మరచిపోయారు కూడా. పిల్లలు కారణం తెలియకుండా వరుసగా చనిపోతుంటే, మీకు దగ్గరలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడిగి చూడండి.

జవాబు 4: నరసన్నపేట గంప

పిల్లల మేత గురించి ఎవరూ చెప్పలేదు. ఒట్టి నూకలు పోస్తే పొట్ట నిండుతుంది కానీ ఒళ్లు పెరగదు. మొదటి నెలలో పిల్లకు మాంసకృత్తులు కావాలి. నూకలు, చోళ్లు (రాగులు), దంచిన గంటెలు (సజ్జలు) కలిపి, వాటిలో కొంచెం వేరుశనగ తెలకపిండి చేర్చండి. తెలకపిండికి బూజు వాసన వస్తే మాత్రం పెంట మీద పారేయండి, ఆ బూజులోని విషం పిల్లల కాలేయాన్ని చెడగొడుతుంది. వీలున్నవారు కంపెనీ స్టార్టర్ దాణా నెల రోజులు పెడితే ఇంకా మంచిది.

అన్నిటికంటే మంచి మేత చెదలు, అవి డబ్బు పెట్టి కొనవలసినవి కావు. పాత కుండలో ఎండుగడ్డి, ఎండు పేడ, చింకి గోనె కుక్కి, తడిపి, చెదలున్న నేల మీద సాయంత్రం బోర్లించండి. తెల్లవారేసరికి కుండ నిండా ఉంటాయి. పిల్లల ముందు దులిపితే అవి ఎగబడే తీరు చూడవలసిందే. ఇంటి గుమ్మాలకు, దూలాలకు దూరంగా చేయండి, లేకపోతే మీ అమ్మగారు కోళ్లతో పాటు మిమ్మల్నీ బయటకు పంపుతారు.

గద్దలకు, కాకులకు మా ఊళ్లో ఒక ఉపాయం ఉంది. కళింగపట్నం, భావనపాడు వైపు జాలరుల దగ్గర పాడైన వలలు దొరుకుతాయి. పెరట్లో కొంత మేర నాలుగు వెదురు గుంజలు పాతి పైన వల కట్టేస్తే నెల రోజుల పాటు పిల్లలు క్షేమంగా ఉంటాయి. ముంగిసకు, జంగుపిల్లికి మాత్రం వల చాలదు. రాత్రి గంప కింద మూసి, పైన రాయి పెట్టాలి.

కనుమకు నాటు పుంజు కోతకు రావాలంటే ఆరేడు నెలల వయసుండాలి. వెనక్కి లెక్కిస్తే జూన్, జూలైలలో పిల్లలు లేవాలి. తొలకరి పడి నేల చల్లబడ్డాక వేయండి. మే నెల పోయినందుకు బాధపడవద్దు. ఒకవేళ పుంజులు ఎక్కువై ముందే అమ్మదలచుకుంటే, దసరా తరువాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర జరుగుతుంది, ఆ వారం నాటు పుంజుకు అడిగినంత ధర పలుకుతుంది.

జవాబు 5: పలాస జీడితోట

కోత గురించి అడిగారు కాబట్టి నేను చెబుతాను. మా తోటలో ఏటా పది పన్నెండు కోళ్లు నా చేతి మీదుగానే వెళ్తాయి.

ముందు రోజు రాత్రి నుంచి మేత ఆపి, కోడిని గంప కింద ఉంచాలి. నీళ్లు మాత్రం ఉండాలి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు మేత లేకపోతే మెడ కింది గింజల సంచి, పేగులు ఖాళీ అవుతాయి, కోసేటప్పుడు మాంసానికి మురికి అంటదు. పొద్దున్నే చల్లటి వేళ, మిగిలిన కోళ్లకు కనబడని చోటికి తీసుకెళ్లండి. తరిమి తరిమి పట్టిన కోడి మాంసం గట్టిగా ఉంటుందని మా నాన్న అనేవారు. అది నిజమో కాదో గానీ, తరమడం కోడికీ మనిషికీ మంచిది కాదు. గంప కిందది కాబట్టి చేతికి సులువుగానే దొరుకుతుంది. ఒక ఖాళీ గోనెసంచి మూలకు చిన్న రంధ్రం చేసి, తల మాత్రం బయటకు వచ్చేలా కోడిని అందులోకి దింపి తలకిందులుగా వేలాడదీస్తే రెక్కలు కొట్టుకోదు, శాంతంగా ఉంటుంది.

కత్తి పదును మీద అంతా ఉంది. గొంతు ముందువైపు కాక, దవడ ఎముకకు సరిగ్గా కింద రెండు పక్కలా ఉన్న రక్తనాళాలను ఒక్కొక్క వేటుతో తెంచాలి. మొద్దు కత్తితో రెండు మూడుసార్లు రాయడమే మీరు భయపడుతున్న హింస. రెండు నిమిషాలు రక్తం పూర్తిగా కారనివ్వండి. రక్తం నిలిచిన మాంసం నల్లబడి త్వరగా చెడుతుంది.

ఈకల కోసం మరిగే నీళ్లలో ముంచితే తోలు ఉడికి ముక్కలుగా ఊడుతుంది. సలసల కాగిన నీళ్లు ఎన్ని పోశారో అన్ని చల్లని నీళ్లు కలిపితే సుమారు 60 డిగ్రీల దగ్గరకు వస్తాయి. కాళ్లు పట్టుకుని ముప్పావు నిమిషం ముంచి తిప్పండి. రెక్కలోని పెద్ద ఈక లాగితే చేతికి రావాలి, రాకపోతే ఇంకొక పది లెక్కపెట్టండి. పెద్ద ఈకలన్నీ పీకాక, ఎండు వరిగడ్డి మంట మీద గుండ్రంగా తిప్పుతూ సన్నని నూగు కాల్చాలి. ఇక్కడ తొందర పడకూడదు, తోలు పసుపు రంగుకు తిరిగి కాస్త బిగుసుకుంటే చాలు, నల్లబడేదాకా ఉంచితే కూరకు మసి రుచి వస్తుంది. వెంటనే పసుపు రాసి, ఐదు నిమిషాలు ఆగి, కొబ్బరిపీచుతో రుద్ది కడగండి. మీ అమ్మగారు అడిగే వాసన ఈ మంటలోనే ఉంది.

పొట్ట కోసేటప్పుడు కత్తి మొన లోతుగా దింపవద్దు. మలద్వారం చుట్టూ గుండ్రంగా కోసి, చేయి లోపలికి పోనిచ్చి మొత్తం ఒకేసారి బయటకు లాగండి. కార్జానికి అంటుకుని ఆకుపచ్చని పిత్తపు తిత్తి ఉంటుంది, దానిని కార్జంలో చిన్న ముక్కతో సహా కోసి తీసేయండి. అది పగిలితే తాకినంత మేరా చేదెక్కుతుంది, నీళ్లతో కడిగినా పోదు. కందనకాయను చీల్చి, లోపలి ఇసుక దులిపి, పసుపు పొర ఒలవాలి. పక్కటెముకల మధ్య ఇరుక్కున్న ఊపిరితిత్తులను వేలితో గీరి తీయండి. ఆ పలక మీద, ఆ కత్తితో సబ్బుతో కడగకుండా కూరగాయలు కోయకండి. రక్తం, ఈకలు, పేగులు రెండడుగుల గోతిలో వేసి సున్నం చల్లి మట్టి కప్పండి, లేకపోతే ఊరకుక్కలు ఆ రుచి మరిగి మీ కోళ్ల మీదకే వస్తాయి.

కోసిన గంటలోపు పొయ్యి మీద పెట్టండి. లేదా ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి మర్నాడు వండండి. మధ్యలో రెండు మూడు గంటల తరువాత వండితే కండరాలు బిగుసుకుని ఉన్న సమయం కాబట్టి ఎంత ఉడికించినా రబ్బరులా ఉంటుంది. కనుమ నాడు అందరూ చేసే పొరపాటు ఇదే. తెల్లవారుజామున కోస్తారు, బంధువులు వచ్చాక పదకొండింటికి పొయ్యి వెలిగిస్తారు.

జవాబు 6: బొబ్బిలి విశ్రాంత ఉద్యోగి

పలాస మిత్రులు చెప్పిన దానికి ఒక్కటి చేరుస్తాను. కూర్చుని తూగుతున్న కోడిని, చచ్చేలోగా కోసేస్తే సరిపోతుందని కోయకండి. కొక్కెర వ్యాధి ఒక పెరడు నుంచి ఇంకొక పెరడుకు చేరడానికి ఆ కోత దగ్గర చిందిన రక్తం, పారేసిన పేగులు చాలు. అలాంటి దానిని లోతుగా పూడ్చి సున్నం వేయాలి. మందులు వాడిన కోడినైతే, ఆ మందు ఒంట్లోంచి పోవడానికి చెప్పిన గడువు పూర్తయ్యేదాకా కోతకు గానీ గుడ్లకు గానీ వాడకూడదు.

ప్రశ్న వేసినవారు: చీపురుపల్లి పెరడు

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. జూన్ 26న ఒక ఎర్ర పెట్టను కూర్చోబెట్టాను. నాలుగు పెట్టల గుడ్లు, ఐదు రోజులవి, ఇసుక కుండలో దాచినవి, కడగనివి, పది. సాలలో మూలకు వెదురు తడిక అడ్డం కట్టి పక్క పెట్టలను రానివ్వలేదు. ఏడవ రాత్రి ఫోను లైటు మీద చూస్తే ఒకటి నిర్మలంగా ఉంది, తీసేశాను. జూలై 17 ఉదయానికి ఎనిమిది పిల్లలు. తొమ్మిదవ దానికి పెంకు మీద చిల్లు కనబడి రాత్రంతా కదలలేదు. చేయి పెట్టకుండా ఉండటానికి నేను పడిన అవస్థ మా ఆవిడకు తెలుసు. మర్నాడు తెల్లవారేసరికి అదీ బయట ఉంది.

టీకా కోసం మా వీధిలో ఏడు ఇళ్లవారు కలిశారు, అందరివీ కలిపి 64 కోళ్లు లెక్కతేలాయి. ఒక పిల్లను కాకి తీసుకుపోయింది, వల కట్టడం ఆ మర్నాడే పూర్తి చేశాను. మే నెలలో పుట్టిన పదిలో ఏడు బతికి ఉన్నాయి, వాటిలో నాలుగు పుంజులు.

ఇంక్యుబేటర్ అటక మీద ఉంది. దానిని పిల్లలకు వెచ్చదనం ఇచ్చే పెట్టెగా వాడవచ్చా?

జవాబు 7: బొబ్బిలి విశ్రాంత ఉద్యోగి

వద్దు. పిల్లలు థర్మోకోల్‌ను పొడిచి మింగుతాయి. తల్లి లేని పిల్లలకు అట్టపెట్టెలో వరి ఊక పరిచి, పిల్లకు రెండు వాట్ల చొప్పున పాతకాలపు బల్బు వేలాడదీయండి, ఎల్‌ఈడీ బల్బుకు వేడి ఉండదు. పిల్లలన్నీ బల్బు కింద గుమిగూడితే కిందికి దించాలి, గోడలకు చేరితే పైకి లేపాలి. ఇంక్యుబేటర్‌ను అటక మీదే ఉంచండి. ఎప్పుడైనా పొదుగు కోడి మధ్యలో గంప వదిలేస్తే, సెన్సరును గుడ్ల ఎత్తుకు దించి, ఆ మిగిలిన రోజులకు అది పనికివస్తుంది.